బండి నుంచి బడి దాకా

పంజాగుట్ట కూడలి నుంచి అమీర్‌పేట వైపు కాలినడకన వెళ్ళేవారికి భవనాల కంటె ముందు అక్షరాలు కనిపిస్తాయి. గోడల మీద, స్తంభాల మీద, మేడమెట్ల పక్కన ఒకదానిపై ఒకటి ఎక్కి కూర్చున్నట్లుండే బోర్డులు. మైత్రీవనం సమీపించేసరికి రెండు చేతులూ కరపత్రాలతో నిండిపోతాయి. జావా, ఒరాకిల్, టెస్టింగ్, క్లౌడ్ - విద్య పేరు ఏదైనా కావచ్చు. దాని తరువాత వచ్చే మాట మాత్రం చాలాచోట్ల ఒక్కటే: కోచింగ్. కంప్యూటరు ఉద్యోగాలకు గిరాకీ పెరిగిన 1990ల నాటి నుంచి తెలుగునాట నలుమూలల నుండి పట్టభద్రులు ఒక పెట్టె, ఒక పరుపుచుట్ట పట్టుకొని ఈ వీధులకు వస్తూనే ఉన్నారు. తండ్రి అమ్మిన గొడ్డూ గోదా, తల్లి తాకట్టు పెట్టిన బంగారం ఆ ఒక్క మాటను నమ్ముకొని ఇక్కడికి చేరిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. అంత బరువు మోస్తున్న మాటకు అసలు అర్థమేమిటో ఒకసారి విచారించడం అనవసరం కాదు.

అదేచోట నిలబడి తలయెత్తి చూడండి. 2017 నవంబరులో మియాపూర్, అమీర్‌పేట, నాగోలు మధ్య మొదలై, 2018 సెప్టెంబరులో పంజాగుట్ట మీదుగా ఎల్.బి. నగర్ వరకు సాగిన మెట్రో రైలు ఆకాశమార్గాన పోతూ ఉంటుంది. ఆ రైలు పెట్టె కోచ్. సాయంత్రమైతే దూరపు ఊళ్ళకు బయలుదేరే బస్సుల టికెట్లమ్మే దుకాణాలు కళకళలాడతాయి; ఆ ఏసీ బస్సూ కోచే. మూడవ అంతస్తులో ఇరుకు గదిలో పాఠం చెప్పే మనిషి సరేసరి. పైన పోయే పెట్టె, కింద పోయే బస్సు, నడుమ బోధించే మనిషి - ముగ్గురికీ ఒకే పేరు ఎట్లా కుదిరింది?

ఆ కథలోకి పోయేముందు ఈ ఊరిపేర్లను ఒక్కసారి పలకరించి వెళ్దాం. మాటలు ప్రయాణం చేస్తాయనీ, ప్రయాణంలో వాటి రాత మారుతుందనీ అవే సాక్ష్యం చెబుతాయి. పారసీకంలో పంజ్ అంటే ఐదు. ఐదు వేళ్ళు గల హస్తం పంజా. గుట్ట అచ్చ తెలుగు. ఈ పేరును ఇంగ్లీషులో రాసేటప్పుడు పి అక్షరం తరువాత యు పెట్టడం కద్దు. అది చూసి 'పుంజాగుట్ట' అని చదివే కొత్తవారున్నారు. తప్పు వారిది కాదు. మన అకారాన్ని ఆంగ్లేయులు తమ 'కట్', 'బస్' వంటి మాటలలోని యు అక్షరంతో సూచించేవారు. పంజాబు పేరునూ అట్లాగే రాశారు. ఆ పాత వర్ణక్రమం అట్లాగే నిలిచిపోయింది. ఇక అమీర్ అరబ్బీ పదం. అధిపతి, ఆజ్ఞాపించేవాడు అని అర్థం. ఇంగ్లీషువారి నౌకాదళాధిపతి 'అడ్మిరల్' ఈ అమీరు సంతానమే. ఫ్రెంచివారు నేటికీ డకారం లేకుండానే ఆ మాటను రాస్తారు. లాటిన్‌లో మెచ్చుకోవడాన్ని తెలిపే వేరొక మాటతో పోలిక కుదిరి, మధ్యలో ఆ డకారం వచ్చి చేరింది. అమీర్‌పేటలో నిలబడి అడ్మిరల్‌ను తలచుకోవడం వింతగా తోచవచ్చు గాని, భాషలో ఇటువంటి చుట్టరికాలు తక్కువేమీ కాదు.

ఇప్పుడు కోచ్. ఈ మాట పుట్టిల్లు ఇంగ్లండు కాదు. హంగరీ దేశంలో, వియన్నా నుంచి బుడాపెస్టుకు పోయే పాత రాచబాటలో, కొచ్ అనే చిన్న గ్రామం ఉన్నది. పదిహేనవ శతాబ్దిలో, మాత్యాస్ రాజు ఏలుబడిలో (1458-1490), ఆ ఊరి వడ్రంగులు తేలికైన, వేగంగా పోగల బండ్లు తయారుచేయడంలో పేరు పొందారు. మోటు బండ్లలో ఒళ్ళు హూనమయ్యే కాలంలో అది గొప్ప సదుపాయం. హంగరీ భాషలో 'కొచి సెకేర్' అంటే 'కొచ్ ఊరి బండి'. జనం నోట 'బండి' జారిపోయి 'కొచి' మిగిలింది. పోచంపల్లి చీరను పోచంపల్లి అనీ, గద్వాల చీరను గద్వాల అనీ మన స్త్రీలు అనడం లేదా? అదే పద్ధతి. బండితోపాటు పేరూ దేశాలు తిరిగింది. జర్మన్లకు 'కుచె' అయింది. ఇటలీలో 'కొక్కియో', ఫ్రాన్సులో 'కోష్', స్పెయినులో 'కోచె'. నేటి స్పెయినులో కారును 'కోచె' అనే పిలుస్తారు. హంగరీవారు కూడా తమ మోటారు కారును 'కొచి' అనే అంటారు. ఒక కుగ్రామం పేరు ప్రపంచంలోని వీధులన్నిటిలో తిరుగుతున్నదన్న మాట.

ఇంగ్లండుకు ఈ మాట చేరినది 1550ల ప్రాంతంలో. అప్పటి రాతలో దీని వర్ణక్రమం సి-ఓ-సి-హెచ్-ఇ. ఫ్రెంచివారు రాసినట్లే రాసేవారు. నేటి వర్ణక్రమం సి-ఓ-ఏ-సి-హెచ్. మధ్యలో ఈ 'ఏ' ఎక్కడినుంచి వచ్చింది? పలకనప్పుడు రాయడమెందుకు? ఇంగ్లీషు నేర్చుకొనే ప్రతి తెలుగు బాలుడూ ఏదో ఒక దశలో వేసే ప్రశ్న ఇది. దానికి సమాధానముంది. పూర్వపు ఇంగ్లీషులో దీర్ఘ ఓకారాలు రెండు ఉండేవి. ఒకటి నోరు కొంత తెరచి పలికేది, రెండవది ముడిచి పలికేది. రాతలో మాత్రం వాటికి స్థిరమైన భేదం లేదు. పడవను సూచించే 'బోట్' మాటను బి-ఓ-టి-ఇ అని రాసిన కాలం ఒకటుంది. పదహారవ శతాబ్దిలో ఈ రెంటినీ వేరుపరచాలన్న జాగ్రత్త ప్రబలింది. తెరచి పలికే ధ్వనికి ఓ-ఏ అనీ, ముడిచి పలికే ధ్వనికి ఓ-ఓ అనీ రాయడం స్థిరపడింది. బోట్, రోడ్ అనే మాటలు ఓ-ఏ దారిన పోయాయి. 'బూట్', 'ఫుడ్' ఓ-ఓ దారిన పోయాయి. విదేశం నుంచి వచ్చిన కోచ్ కూడా బోట్, రోడ్ల సరసన కూర్చుంది. తరువాతి కాలంలో ఉచ్చారణలు మారిపోయాయి. అక్షరాలు మాత్రం కదలలేదు.

ఇందులో నవ్వవలసినది ఏమీ లేదు. మన ఇంటి సంగతి కూడా ఇటువంటిదే. తెలుగులో రెండు రేఫలుండేవి. ఒకటి సాధురేఫం 'ర'. రెండవది 'ఱ'. ఈ రెండవదానికి పండితులు పెట్టిన పేరు శకటరేఫం. పిల్లలకు చెప్పే పేరు బండి ఱ. బండి మాట రాతను గురించి చెప్పుకొంటున్నాం గనుక ఈ బండి అక్షరాన్ని విడిచిపోవడానికి నాకు మనసొప్పదు. ప్రాచీన తెలుగులో ఈ రెంటికీ ఉచ్చారణలో భేదముండేది. పూర్వకవులు ప్రాసస్థానంలో ఒకదానితో మరొకటి కలపకుండా జాగ్రత్తపడ్డారు. గుఱ్ఱము, కఱ్ఱ, చెఱువు - ఇవన్నీ బండి ఱతో రాయవలసిన మాటలు. గుఱ్ఱపుబండిలో గుఱ్ఱానికి కూడా బండి అక్షరమే కట్టారన్నమాట! భేదం పాటించకపోతే అర్థమే మారిపోయే జంటలు కూడా ఉన్నాయి. ఏఱు అంటే నది. ఏరు అంటే నాగలి. జ్యేష్ఠమాసంలో రైతులు జరుపుకొనే ఏరువాక పున్నమిలో ఉన్నది నాగలే గాని నది కాదు. రెంటినీ ఒకే రీతిగా రాసే నేటి విద్యార్థికి ఏరువాక అనగానే ఏటి ఒడ్డు గుర్తుకు వస్తే ఆశ్చర్యమేముంది?

ఉచ్చారణలో భేదం పోయిన తరువాత మనం క్రమంగా బండి ఱను వదిలిపెట్టాం. ఇంగ్లీషువారు తమ 'ఏ'ను వదిలిపెట్టలేదు. నోటిని అనుసరించి చేతిని మార్చుకోవడం మన పద్ధతి. నోరు ఎటు పోయినా చేతిని మార్చకపోవడం వారి పద్ధతి. మన పద్ధతిలో చదవడం సులువు, కాని ఏటికీ నాగలికీ తేడా చెరిగిపోయింది. వారి పద్ధతిలో పిల్లలకు వర్ణక్రమం కంఠస్థం చేసే శ్రమ తప్పదు, కాని మాట ముఖం మీద దాని వయస్సు కనిపిస్తుంది. ఏది మేలంటే, ప్రాచీన సాహిత్యం చదివినవాడిగా నాకు బండి ఱ మీద మమకారం ఉన్న మాట నిజం. పరీక్షాపత్రాలు దిద్దేవాడిగా అది పోవడమే మంచిదయిందని అనిపించిన మాట కూడా నిజమే.

ఇంగ్లండులో కోచ్ మొదట సంపన్నుల వాహనం. తరువాత మజిలీ మజిలీకి గుఱ్ఱాలను మార్చుకొంటూ ప్రయాణికులను చేరవేసే బాడుగ బండి అయింది. 1784లో బ్రిస్టల్ నుంచి లండనుకు తపాలా మోసే కోచ్ మొదలైంది. 1830లలో రైళ్ళు వచ్చినప్పుడు తొలి పెట్టెలను ఈ గుఱ్ఱపుబండ్ల తొట్ల ఆకారంలోనే చేశారు. ఒక చట్రం మీద మూడు బండితొట్లను వరుసగా బిగించినట్లు ఉండేవి. రూపం వచ్చింది గనుక పేరూ వచ్చింది. మోటారు యుగంలో దూరప్రయాణపు బస్సు కోచ్ అయింది. అమెరికాలో విమానమెక్కేవారు తక్కువ ధర తరగతిని కోచ్ అంటారు. రైలులో సామాన్య ప్రయాణికుల పెట్టెకున్న పేరు గాలిలోకి ఎగిరింది.

మన దేశానికి ఈ మాట చదువు తోవలో కాక బండి తోవలోనే ముందుగా వచ్చింది. ఇంగ్లీషు 'కోచ్‌మన్' ఉర్దూలో 'కోచ్‌వాన్' అయింది. ద్వారం కాచేవాడు దర్వాన్, ఎద్దుబండి తోలేవాడు గాడీవాన్ అయినప్పుడు, గుఱ్ఱపుబండి తోలేవాడు కోచ్‌వాన్ కావడం సహజమే గదా. టాంగాలు తిరిగిన రోజుల హైదరాబాదులో ఈ మాట వినని చెవి లేదు. అయితే 1874లో సికింద్రాబాదుకు రైలు వచ్చిన తరువాత, రైలు కోచ్‌ను మాత్రం మన ప్రజలు ఆ పేరుతో పిలవలేదు. పెట్టె అన్నారు, డబ్బా అన్నారు, ఎక్కువగా బోగీ అన్నారు. నిజానికి బోగీ అంటే ఇంగ్లీషులో పెట్టె కింద చక్రాలు బిగించిన చట్రం మాత్రమే. మనం చక్రాల పేరుతో పెట్టెను పిలిచాం. రైలు శాఖవారి పుస్తకాలలో తప్ప అది తప్పని ఎవరూ అనుకోరు.

ఇంతవరకు బండి కథ. ఇది బడిలోకి ఎట్లా ప్రవేశించింది?

పంతొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధంలో ఇంగ్లండు విశ్వవిద్యాలయాల విద్యార్థులు పుట్టించిన ఎగతాళి అది. పరీక్షలు కఠినమయ్యాయి. కళాశాలలో అయ్యవార్లు చెప్పే పాఠం పరీక్షకు చాలేది కాదు. డబ్బు పుచ్చుకొని ఇంటివద్ద చదువు చెప్పే ప్రైవేటు గురువులు బయలుదేరారు. కాళ్ళు కదపకుండా కూర్చుంటే బండి ఊరు చేర్చినట్లు, బుద్ధి కదపకుండా కూర్చున్నా వీరు పరీక్ష దాటిస్తారని విద్యార్థులు వారికి కోచ్ అని పేరు పెట్టారు. ఆ మాటలో గౌరవం లేదు. పరిహాసం ఉన్నది, గురువు మీద కంటె శిష్యుడి మీదే ఎక్కువ పరిహాసం. ఆ ఆకతాయి మాట నేడు ఇంత గంభీరంగా బోర్డుల కెక్కింది! ఆటల శిక్షకులకు ఈ పేరు 1860ల ప్రాంతంలో సంక్రమించింది.

అమీర్‌పేటను చూసి, చదువు అంగడి సరుకైనది ఈ కాలంలోనే అని నిట్టూర్చే పెద్దలున్నారు. వారు కేంబ్రిడ్జి చరిత్రను ఒకసారి చూడాలి. అక్కడి గణితశాస్త్ర పరీక్షలో మొదటి తరగతి సాధించినవారిని రాంగ్లర్లు అంటారు. వాదించేవారని ఆ మాటకు అర్థం. వారిలో మొదటివాడు సీనియర్ రాంగ్లర్. ఆ స్థానానికి జరిగే పోటీ గుఱ్ఱప్పందెం వంటిది. విలియం హాప్కిన్స్ (1793-1866) అనే కోచ్ 1849 నాటికే 17 మంది సీనియర్ రాంగ్లర్లను తయారుచేశాడు. 'సీనియర్ రాంగ్లర్లను తయారుచేసేవాడు' అన్నదే అతడి బిరుదయింది. స్టోక్స్, కెల్విన్, మాక్స్‌వెల్ - భౌతికశాస్త్ర పుస్తకంలో మీరు చదివే ఈ పేర్లన్నీ అతడి శిష్యులవే. 1854లో అతడి శిష్యుడు ఎడ్వర్డ్ రౌత్ మొదటివాడుగా నిలిస్తే, మాక్స్‌వెల్ రెండవవాడయ్యాడు. తరువాత రౌత్ తానే కోచ్ అయి పాతికమందికి పైగా సీనియర్ రాంగ్లర్లను తయారుచేశాడు. మాక్స్‌వెల్ విద్యుదయస్కాంత సమీకరణాలు రచించాడు. ఇద్దరిలో ఎవరు గొప్ప అన్న ప్రశ్నకు పరీక్షా ఫలితాల పట్టిక ఇచ్చిన జవాబు వేరు, కాలం ఇచ్చిన జవాబు వేరు.

ఆ పట్టికలో 1899లో ప్రథమస్థానం పంచుకొన్న రఘునాథ పురుషోత్తమ పరాంజపే సీనియర్ రాంగ్లర్ అయిన తొలి భారతీయుడు. రామానుజన్‌ను లోకానికి చూపిన హార్డీ మాత్రం ఈ పద్ధతిని గట్టిగా వ్యతిరేకించాడు. గణితం నేర్వడానికి బదులు పరీక్ష నేర్వడం అలవాటవుతున్నదని అతడి ఫిర్యాదు. అతడి వంటివారి పట్టుదల వల్ల, 1909 తరువాత ర్యాంకుల వరుసను ప్రకటించడం అక్కడ మానివేశారు. బోధనా కేంద్రాల ముంగిట ర్యాంకుల ఫొటోలు చూస్తూ పెరిగిన మన పిల్లలకు ఇది నమ్మశక్యం కాదేమో.

ఇదే వీధిలో వినిపించే మరి రెండు మాటలను కూడా ముట్టుకొని పోదాం. ట్రైనింగ్ అనే మాటకు మూలం ఫ్రెంచిలో ఈడ్చడం. ఒకదాని వెనుక ఒకటిగా ఈడ్చుకొని పోయేది గనుక రైలు ట్రైన్ అయింది. తోటమాలి తీగను పందిరి వైపు లాగి పాకించడం నుంచి మనిషిని తీర్చడమనే అర్థం వచ్చిందంటారు. అంటే కోచ్ మోస్తుంది, ట్రైన్ ఈడుస్తుంది. ఇక 'కొత్త బ్యాచ్ సోమవారం నుంచి' అని ప్రతి గుమ్మం మీదా ఉంటుంది కదా. బ్యాచ్ అంటే ఆదిలో ఒకసారి పొయ్యిలో పెట్టి కాల్చి తీసిన రొట్టెల మొత్తం. మన వంటింటి భాషలో చెప్పాలంటే వాయి. ఇడ్లీలు రెండు వాయిలు దించినట్లే ఉదయం ఏడింటికి ఒక వాయి, సాయంత్రం ఆరింటికి ఒక వాయి.

మరి ఈ భావానికి మన పూర్వులు ఏ మాటలు వాడారు? ఇక్కడే నాకు అన్నిటికంటె ఆసక్తి కలిగించే సంగతి ఉన్నది. ఇంగ్లీషు విద్యార్థికి చదువు బండి ప్రయాణంలా తోచింది. మన భాషలకు అది ఏఱు దాటడంలా తోచింది. 'పరీక్ష గట్టెక్కాడు' అంటాం. గట్టు ఎక్కడిది? ఏటిది. ఫలితాలు వచ్చిననాడు పత్రికలన్నీ వాడే మాట 'ఉత్తీర్ణులు'. సంస్కృతంలో 'తౄ' ధాతువుకు దాటడం అని అర్థం. దానికి 'ఉత్' అనే ఉపసర్గ చేరితే ఆవలి ఒడ్డుకు దాటి పైకి ఎక్కడం. ఉత్తీర్ణుడంటే నీరు దాటి గట్టెక్కినవాడు. శాస్త్రాన్ని సమగ్రంగా నేర్చినవాడు పారంగతుడు. పారమంటే అవతలి ఒడ్డు. ఏటిలోకి దిగే రేవును తీర్థమంటాం. ఇదీ ఆ ధాతువు నుంచి వచ్చినదే. పుణ్యక్షేత్రాలు, తీర్థయాత్రలు ఈ రేవుల వద్ద వెలసినవే. అమరకోశం తీర్థ శబ్దానికి చెప్పిన అర్థాలలో 'గురువు' కూడా ఒకటి. అందుచేతనే ఒకే గురువు వద్ద చదివినవారు సతీర్థ్యులయ్యారు. అంటే ఒకే రేవులో దిగినవారు. అమీర్‌పేటలో ఒకే బల్ల మీద ముగ్గురు ఇరుకుకొని కూర్చునేవారికి కూడా ఆ మాట చక్కగా సరిపోతుంది.

గురువు రేవు అన్నారు గాని బండి అనలేదు. ఈ భేదం గమనింపదగినది. బండి ఎక్కినవాడు నిద్రపోయినా ఊరు చేరతాడు. రేవు ఎక్కడ నీరు లోతు తక్కువో చూపుతుంది, కాలు పెట్టడానికి మెట్టు ఇస్తుంది. నీటిలోకి దిగవలసినవాడు మాత్రం శిష్యుడే. వ్యాకరణం కూడా ఈ మాటను బలపరుస్తుంది. 'హతుడు' అంటే చంపబడినవాడు, 'పూజితుడు' అంటే పూజింపబడినవాడు. ఈ రూపాలు సాధారణంగా ఎవరో చేసిన పనికి లోనైనవాడిని తెలుపుతాయి. కాని గమనార్థక ధాతువుల విషయంలో పాణిని ప్రత్యేకమైన వెసులుబాటు కల్పించాడు. వాటిపై అదే ప్రత్యయం కర్త్రర్థంలో కూడా వస్తుంది. కనుక గతుడంటే వెళ్ళినవాడు, ఉత్తీర్ణుడంటే తానై దాటినవాడు. దాటింపబడినవాడు అని చెప్పదలిస్తే 'ఉత్తారితుడు' అని వేరే మాట కావాలి. ఇంటర్మీడియట్ బోర్డు ధ్రువపత్రంలో ఆ మాట ఎవరికీ రాయలేదు.

అనుత్తీర్ణుడనే మాటను కూడా ఈ దృష్టితోనే చూడాలి. ఫలితాల రోజున ఆ మాట విని కుప్పకూలిన పిల్లలను ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఎందరినో చూశాను. అనుత్తీర్ణుడంటే దాటనివాడు. ఇంకా ఈ గట్టునే ఉన్నవాడు. మునిగినవాడని గాని, కొట్టుకొనిపోయినవాడని గాని అందులో ఏ అక్షరమూ చెప్పదు. తెలుగులో 'పరీక్ష తప్పాడు' అంటాం. దారి తప్పినవాడు మళ్ళీ దారికి వచ్చే వీలుంటుంది గనుకనే బాణం గురి తప్పినట్లు, బండి దారి తప్పినట్లు ఆ మాట వాడుతాం. ఇంగ్లీషు 'ఫెయిల్'లో ఈ వెసులుబాటు వినిపించదు. మన ఇండ్లలో ఎక్కువగా వినిపించేది మాత్రం అదే.

కోచింగ్‌కు పత్రికలు వాడే తెలుగు మాట 'శిక్షణ'. దీని సోదరి 'శిక్ష'. సంస్కృతంలో, నేటి హిందీలో శిక్ష అంటే విద్య. తెలుగులో దండన! బెత్తం లేని బడి మనవాళ్ళకు ఊహకందలేదో ఏమో, ఒకే మాట చదువు దగ్గర బయలుదేరి దెబ్బల దగ్గర ఆగింది. చివర ఒక ణకారం తగిలించి మళ్ళీ దానిని చదువులోకి తెచ్చుకొన్నాం.

ఆటల కోచ్‌ల విషయానికి వస్తే, భారత ప్రభుత్వం 1985లో వారికొక పురస్కారం ఏర్పరచి దానికి ద్రోణాచార్యుని పేరు పెట్టింది. మన పుల్లెల గోపీచంద్ 2009లో దానిని అందుకొన్నాడు. తాను 2001లో ఆల్ ఇంగ్లండ్ విజేత. అతడి శిక్షణలో సైనా నెహ్వాల్ 2012లో, పి.వి. సింధు 2016లో ఒలింపిక్ పతకాలు సాధించారు. ద్రోణమంటే కొయ్యపాత్ర. ద్రోణంలో పుట్టాడు గనుక ఆచార్యునికి ఆ పేరు వచ్చిందని భారతకథ. ఆ శబ్దకుటుంబం నుంచే మన దొన్నె, దోనె వచ్చాయి. దోనె అంటే చిన్న పడవ. ఆధునిక బండి పేరుకు దేశీయ పర్యాయపదం వెదికితే మళ్ళీ పడవే దొరికిందన్న మాట. అయితే, పాఠం చెప్పని శిష్యుడి వద్ద బొటనవేలు రుసుము పుచ్చుకొన్నవాడి పేరును కోచ్‌ల పురస్కారానికి పెట్టడం గడుసుతనమా, అమాయకత్వమా అన్నది తరగతిలో ఏకలవ్యుని కథ చెప్పేటప్పుడల్లా నాకు వచ్చే సందేహం.

పడవ మాట వచ్చింది గనుక మన సామెత ఒకటి చెప్పక తప్పదు. ఏఱు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. ఉద్యోగం దొరికేదాకా 'సర్, సర్' అంటూ వెంట తిరిగిన శిష్యులను తలచుకొని బోధకులు ఈ సామెతను వల్లించడం సహజం. కాని రుసుము ముందే పుచ్చుకొని, మూడవ వారానికే బోర్డు పీకి మాయమైన మల్లయ్యలు కూడా ఈ వీధుల్లో లేకపోలేదు. నడి ఏట పడవ దించి పోయినవాడికి మన భాషలో సామెత పుట్టలేదు. పుట్టవలసిన అవసరం ఇప్పుడు వచ్చింది.

చివరగా ఒక చిన్న విషయం. తెలుగు అజంత భాష. పరాయి మాట మన ఇంటికి వస్తే చివర ఒక అచ్చు తగిలించి కూర్చోబెడతాం. బస్ బస్సు అయింది, కార్ కారు అయింది, పెన్ పెన్ను అయింది. బోర్డుల మీది 'కోచింగ్' మాత్రం ఇంకా పొల్లుతోనే నిలిచి ఉన్నది. దానికి అచ్చు తగిలిస్తున్నది ఈ వీధులు ఎన్నడూ చూడని తల్లిదండ్రులు. సిద్దిపేట వైపు పల్లెల నుంచి వచ్చే బస్సులో కూర్చుంటే వినవచ్చు. "మా పిల్లగాడు అమీర్‌పేటల కోచింగుకు పోతుండమ్మా" అని ఒక తల్లి అంటుంది. పక్క సీటులోని ఆవిడ కోచ్ పుట్టుపూర్వోత్తరాలేవీ ఎరగదు. మూట సర్దుకొంటూ ఒకే మాట అడుగుతుంది:

"గట్టెక్కిండా?"